యెఫ్తాతో కలిపి యాభై మంది

మా కొండ ఊరు బుంతుసాలు దారి మొదట్లో వెదురు గెడ అడ్డం పెట్టి ఏడాదిన్నర దాటింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తమ గెడలు ఎప్పుడో తీసి పొయ్యిలో పెట్టుకున్నాయి. రాంతెపావో సంతలో దున్నలూ పందులూ మళ్ళీ చేతులు మారుతున్నాయి. మకస్సర్ నుంచి రాత్రి బస్సులు తిరుగుతున్నాయి. మా ఊళ్ళో మాత్రం కన్నకూతురు వచ్చినా గెడకు అవతలే నిలబడి, అమ్మ ఆరోగ్యం కేక వేసి అడిగి, తెచ్చిన పళ్ళు సబ్బునీళ్ళలో ముంచి ఇచ్చి వెళ్ళాలి. దీనికంతటికీ కారణం ఊరి ప్రెసిడెంటు ఒబెద్. కరోనా కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే.

ఒబెద్ చెడ్డవాడు కాడు, మొండివాడూ కాడు. ఆ గెడ తీసెయ్యాలని ఊరందరికంటే ఎక్కువ కోరిక ఉన్నవాడు ఆయనే. అందుకే తీయలేకపోయాడు.

సంగతి ఏమిటంటే, ఒబెద్‌కు దామారిస్ అంటే ఇష్టం. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు. ఆయన భార్యను సాగనంపి ఏడేళ్ళయింది. దామారిస్ భర్త యెఫ్తా మాత్రం ఇంకా వెనక గదిలో జబ్బుగా పడుకుని ఉన్నాడు. ఊపిరి ఆగి ఏడాదిన్నర అయిందనుకోండి, కానీ మా దగ్గర దాన్ని చావు అనరు. బంధువులంతా వచ్చి, మొదటి దున్న నేలకొరిగేదాకా మనిషి జబ్బుమనిషే. పొద్దున కాఫీ పెడతారు, సాయంత్రం సిగరెట్ వెలిగించి పక్కన ఉంచుతారు, వర్షం వస్తే చెబుతారు. భర్త అలా జబ్బుగా ఉండగా భార్యతో మారుమనువు మాటెత్తడం ఎంత సిగ్గుమాలిన పనో వేరే చెప్పక్కర్లేదు. పైగా యెఫ్తా వాళ్ళ కుటుంబంలో పాత పట్టింపులు గట్టివి. మొగుడు జబ్బుగా ఉన్నన్నాళ్ళూ పెళ్ళాం నల్లబట్టలు కట్టాలి, పదిమందిలోకి రాకూడదు, అన్నం ముట్టకూడదు. ఏడాదిన్నరగా దామారిస్ మొక్కజొన్న గటకా చిలగడదుంపలూ తిని బతుకుతోంది.

యెఫ్తాను సాగనంపాలంటే కొడుకు రింతో పపువా గనుల నుంచి రావాలి, ఆయన అక్కచెల్లెళ్ళు సముద్రం అవతలి కాలిమంతన్ నుంచి రావాలి. వాళ్ళు రావాలంటే గెడ లేవాలి. గెడ లేపే అధికారం ఒబెద్‌ది. అది లేపిన మర్నాడు ఊరు ఏమంటుందో ఆయనకు నోటికొచ్చు. కాఫీ గింజలు ఆరబోసే చోట ఒకసారి చెవులారా విన్నాడు కూడా. "చూస్తూ ఉండు, రోడ్డు తెరిచేది జనం కోసం కాదు, పెళ్ళి కోసం," అని ఒకామె అంటే, తక్కిన ఆడవాళ్ళు గింజలు చిందేట్టు నవ్వారు. ఆ వారం రోడ్డు తెరవాలనే అనుకున్నాడు ఒబెద్. ఆ నవ్వు విన్నాక ఇంకో గెడ తెచ్చి మొదటి గెడ కింద కట్టించాడు.

కమిటీ సోమవారం సోమవారం ధాన్యపు గాదె కింద అరుగు మీద కూర్చునేది. మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల ఎడం. దాంతో ఎవరేం మాట్లాడినా అరిచినట్టే ఉండేది, వీధిలో వాళ్ళు గుమ్మాల్లో కూర్చుని కమిటీ రహస్యాలన్నీ వింటూ బియ్యం ఏరుకునేవాళ్ళు.

"పోయిన వారం ఎన్ని కేసులు?" అన్నాడు ఒబెద్.

"చుట్టుపక్కల మొత్తానికి మూడు," అంది నర్సు ఎస్తేర్. ఊళ్ళో పురుళ్ళు పోసేదీ సూదులు వేసేదీ ఆ అమ్మాయే.

"అంతకు ముందు వారం?"

"రెండు."

"చూశారా. పెరుగుతోంది."

"దానికి ముందు వారం పంతొమ్మిది కదరా," అన్నాడు సంపే తాత. ఊరికంతటికీ పెద్దవాడు. కమిటీలో ఆయన పని ప్రతిదానికీ అడ్డం తగలడం.

"అదే తాతా నేననేది కూడా. తగ్గిందిలే అనుకున్నాం. మళ్ళీ పెరిగింది."

ఎస్తేర్ మాస్కు సర్దుకుంది. "ప్రెసిడెంటు గారూ, ఇది నేను చెప్పడం ఇప్పటికి ఎన్నోసారో నాకే గుర్తులేదు. ఒక్కసారిగా తెరవమనట్లేదు. యాభై మందికి పైనుంచి పర్మిషనుంది. వచ్చేవాళ్ళని ముందే రప్పించి బడి గదుల్లో పెడదాం, టెస్టు చేద్దాం. అంతా ఆరుబయటే. కూటి బంతి వద్దు, ఎవరి ఆకు పొట్లం వాళ్ళకి. ముసలాళ్ళు ఇళ్ళల్లోంచి చూస్తారు. ఇలా అయితే రిస్కు చాలా తక్కువ."

"చాలా తక్కువంటే? అసలు లేదనా?"

"అసలు లేకుండా ఏదుంటుందండీ? మీరు ఈ అరుగెక్కేటప్పుడు కూడా జారొచ్చు."

"అందుకే నేను పట్టుకుని ఎక్కుతాను," అన్నాడు ఒబెద్.

ఆయన భయం గాలికి పుట్టింది కాదు. కొండవతల ఊరివాళ్ళు గెడ తీసి, ఒక పెద్దావిడను ఘనంగా సాగనంపారు. ఎనిమిది వందల మంది వచ్చారు. ఒకే బంతిలో తిన్నారు, చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి తెల్లవార్లూ పాడారు. నెల తిరక్కుండానే ఇద్దరు ముసలివాళ్ళు దగ్గుతో ఊపిరి వదిలి జబ్బుమనుషులయ్యారు. ఇప్పుడు ఆ ఇద్దరినీ సాగనంపాలి. ఇద్దరికీ పెద్ద కుటుంబాలే.

"అంటే ఒక్కో చావుకి రెండేసి చావులు," అని సంపే తాత లెక్క కట్టాడు. "పందులు కూడా ఇంత జోరుగా ఈనవు."

"నవ్వులాట కాదు తాతా. ఆ ఇద్దరూ నీ ఈడువాళ్ళే."

"నా ఈడువాళ్ళే కాబట్టి నవ్వుతున్నాను. నేను జబ్బుపడితే మాత్రం నన్ను ఇలా ఏళ్ళ తరబడి పడుకోబెట్టకండిరా. నాకు నడుం నొప్పి."

అందరూ నవ్వారు. ఒబెద్ నవ్వలేదు. "పై వారం చూద్దాం," అన్నాడు. ఆ మాటతో కమిటీ లేచేది. ప్రతి సోమవారం అదే మాట, ప్రతి సోమవారం అదే లేవడం.

గురువారాలు ఆయన యెఫ్తాను చూడడానికి వెళ్ళేవాడు. స్నేహితుడు జబ్బుగా ఉంటే వెళ్ళకపోవడం ఏం మర్యాద? చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, వెనక గదిలో ఎర్రగుడ్డలు చుట్టి పడుకోబెట్టిన యెఫ్తాకు ఒక బార దూరంలో కూర్చునేవాడు. యెఫ్తాకు మాస్కు లేకపోవడం మొదట్లో ఆయనకు ఇబ్బందిగా ఉండేది. రూలు రూలే కదా అనిపించేది. ఎస్తేర్‌ను అడిగితే ఆ అమ్మాయి చాలాసేపు ఆయన ముఖం చూసి, "ఆయన దగ్గట్లేదు కదండీ," అంది. అప్పటినుంచి మనసు కుదుటపడింది.

సిగరెట్ వెలిగించి పళ్ళెంలో పెట్టి ఊరి సంగతులు చెప్పేవాడు. ఫలానావాళ్ళ గేదె ఈనింది, చర్చి రేకులు గాలికి లేచాయి, ఈ వారం కూడా తెరవలేదు, ఏమనుకోకు. అన్నీ చెప్పేవాడు, ఒక్కటి తప్ప. అది యెఫ్తాకు చెప్పకుండా దాస్తున్నందుకు ఆయనకు నిజంగానే సిగ్గేసేది. చిన్నప్పటినుంచీ ఇద్దరి మధ్యా దాపరికం లేదు.

ఆ గురువారం దామారిస్ మూడు కప్పుల కాఫీ తెచ్చింది. ఒకటి మొగుడి తల దగ్గర పెట్టింది, ఒకటి ఒబెద్‌కు ఇచ్చింది, మూడోది పట్టుకుని గడప మీద కూర్చుంది.

"ఏం చెబుతున్నారు మీ స్నేహితుడికి?"

"ఏముంటాయి రింతో అమ్మా. ఊరి సంగతులే."

"రోడ్డు తెరుస్తున్నామని చెప్పారా?"

"పై వారం చూద్దామనుకున్నాం."

"ఆయనకేం తొందర లేదులెండి. పడుకునే ఉంటాడు." కాఫీ ఊదుకుంది. "మా అత్తగారికి ఎనభై తొమ్మిది. మొన్నటినుంచి సరిగా తినట్లేదు. ఆవిడ కూడా పడుకుందంటే ఈ గదిలో ఇద్దరవుతారు. అప్పుడు మీరు గురువారాలు ఎక్కడ కూర్చుంటారో ఆలోచించుకోండి."

ఒబెద్ కప్పు కింద పెట్టాడు. "మా జాగ్రత్త అంతా అలాంటి పెద్దవాళ్ళ కోసమే కదా," అన్నాడు.

"జాగ్రత్త మంచిదే. కాదనను." వీధిలో ఎవరింట్లోనో గంజి వార్చిన వాసన గాలిలో తేలి వచ్చింది. దామారిస్ ముఖం అటు తిరిగింది. "నాకు అన్నం తినాలనుంది," అంది. ఫిర్యాదుగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. దాహంగా ఉంది అన్నట్టు అంది.

ఆ మాట ఒబెద్ గుండెలో ముల్లులా దిగింది. ఇంటికి వెళ్ళి, ఆమె తినేదాకా తనూ అన్నం తినకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. రెండు రోజులు దుంపలు తిన్నాడు. మూడో రోజు కడుపులో మంట పుట్టి, అన్నం వండుకుని, తలుపు వేసుకుని తిన్నాడు. తింటున్నంతసేపూ తనను తాను తిట్టుకున్నాడు గానీ రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

తర్వాతి సోమవారం ఆయన ఇంకా "పోయిన వారం ఎన్ని?" అనకముందే వీధిలో బియ్యం ఏరుకునేవాళ్ళ మాటలు ఆగిపోయాయి. నల్లచీర కట్టుకుని దామారిస్ వస్తోంది. మొగుడు జబ్బుగా ఉన్న ఆడది పట్టపగలు కమిటీ ముందుకు రావడం మా ఊళ్ళో ఎవరూ ఎరుగరు. సంపే తాత నోట్లోని వక్క నమలడం మానేశాడు.

ఆమె అరుగు ఎక్కలేదు. కిందే నిలబడింది, సరిగ్గా రెండు బారల దూరంలో.

"మీరు రిస్కు లెక్కలేస్తున్నారంట కదా ప్రెసిడెంటు గారూ. అందర్నీ లెక్కలో వేశారు. ముసలాళ్ళని వేశారు, పసిపిల్లల్ని వేశారు, కొండవతల ఊరివాళ్ళని వేశారు. నన్ను వేశారా?"

"రింతో అమ్మా, అది—"

"తెరిస్తే ఏమవుతుందో చెప్పారు, విన్నాను. తెరవకపోతే ఏమవుతుందో కూడా ఒక్కసారి చెప్పండి, వింటాను. నా కొడుకు గనిలో కూర్చుని రోజూ ఫోన్లో ఏడుస్తున్నాడు, నాన్న ఇంకా జబ్బుగానే ఉన్నాడా అని. వాడి పెళ్ళి ఆగింది. మా ఆడబిడ్డలు కొన్న దున్నలు ముసలివైపోతున్నాయి. నా ఒళ్ళు దుంపలతో ఉబ్బిపోయింది. ఇవేవీ కేసుల్లోకి రావు. అందుకని ఇవి లేవా?"

దామారిస్ ఎస్తేర్ వైపు చెయ్యి చూపింది.

"నేను ఎనిమిది వందల మందిని అడగట్లేదు. ఎస్తేరమ్మ చెప్పిన ఆ యాభై మందే చాలు. అది కూడా కుదరదంటే ఎందుకు కుదరదో నాకు చెప్పండి. నా మొహం చూసి చెప్పండి."

ఒబెద్ ఆమె ముఖం చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. ఏడాదిన్నరలో ఆమె బుగ్గలు పాలిపోయాయి, కళ్ళ కింద సంచులు దిగాయి. తను కాపాడుతున్నానని అనుకుంటున్న ఊళ్ళో ఈ మనిషి కూడా ఒకతి అని ఆయనకు అప్పుడు తట్టింది.

"కుదురుతుంది," అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు సంపే తాత.

"కుదురుతుంది అన్నాను తాతా. యాభై మంది."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒబెద్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ ఏడాదిన్నరలో ఆయన చేసిన మంచిపని ఏదైనా ఉందంటే అదొక్కటే.

యాభై మందితో సాగనంపడం అంటే మా దగ్గర చిన్నతనం. కాలిమంతన్‌లో ఉన్న యెఫ్తా పెద్దక్క ఫోన్లో, "యాభై మందితో కుక్కని కూడా సాగనంపరు, నా తమ్ముడు మీకేం అన్యాయం చేశాడు?" అని అరిచింది. అరిచినామె ఆ యాభైలో తన పేరూ మొగుడి పేరూ నలుగురు పిల్లల పేర్లూ మాత్రం మర్చిపోకుండా చెప్పింది. పాస్టరు, పెట్టె మోసేవాళ్ళు, దున్నను నరికేవాడు, మాంసం పంచేవాళ్ళు, పాడేవాళ్ళు, వండేవాళ్ళు. పాడేవాళ్ళే మోస్తే ఎలా ఉంటుంది, మోసేవాళ్ళే వండితే ఎలా ఉంటుంది అని వారం రోజులు కొట్టుకున్నారు. చివరికి ఒబెద్‌తో కలిపి సరిగ్గా యాభై తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"మరి యెఫ్తా సంగతేంటి?" అన్నాడు ఒబెద్.

"యెఫ్తా సంగతా? ఆయన కోసమే కదా ఇదంతా," అంది ఎస్తేర్.

"అది కాదమ్మా. ఆయన లెక్కలోకి వస్తాడా, రాడా? మొదటి దున్న పడేదాకా ఆయన జబ్బుమనిషి. జబ్బుమనిషంటే మనిషే కదా. అప్పుడు యాభై ఒక్కరవుతారు."

ఎస్తేర్ తల పట్టుకుంది. తక్కినవాళ్ళకు మాత్రం ఆ మాట న్యాయంగానే తోచింది. మనిషి కాడని ఎవరనగలరు? రేపు యెఫ్తా మనసు కష్టపెట్టుకుంటే? పైఆఫీసుకు ఫోన్ చేశారు. అక్కడి గుమాస్తా కూడా మావాడే. చాలాసేపు ఆలోచించి, "మా ఇంట్లో మా బామ్మ కూడా జబ్బుగానే ఉంది. ఆవిడని జనంలోంచి తీసెయ్యమంటే నాకు నోరు రాదు. మీ పద్ధతి ప్రకారం చూసుకోండి," అని పెట్టేశాడు.

ఒకరిని తీసెయ్యాలి. ఎవరినన్నా తగువే. ఒబెద్ తన పేరు కొట్టేసుకున్నాడు.

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు సంపే తాత. "పక్కింటివాడు ఉంటాడు, స్నేహితుడు ఉండడా?"

"గెడ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా తాతా. నేనే అక్కడుంటే నలుగురూ వేలెత్తి చూపరు."

ఈ సంగతి విన్నప్పుడు దామారిస్ మొక్కజొన్న ఒలుస్తోందట. చేతిలో కంకి అలాగే పట్టుకుని, "నలుగురూ," అని ఒక్క మాట అని, మళ్ళీ ఒలుచుకుందట. ఆమె అత్తగారు చెప్పింది.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒబెద్ గెడ దగ్గర సబ్బునీళ్ళ బాల్చీతో, జ్వరం చూసే తుపాకీతో నిలబడ్డాడు. రావాల్సినవాళ్ళు ముందే వచ్చి బళ్ళో ఉన్నారు కాబట్టి ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. ఒక కోడి వచ్చింది. ఊళ్ళోంచి డప్పు వినిపించింది, తర్వాత పాట. పాడేవాళ్ళు పన్నెండుగురే, పైగా చేతులు పట్టుకోకుండా ఎడంగా నిలబడి పాడుతున్నారు. అయినా ఆ పాట కొండకు తగిలి తిరిగి వస్తుంటే ఒబెద్ బాల్చీ పక్కన పెట్టి ఊరి వైపు తిరిగి నిలబడ్డాడు. చిన్నప్పుడు యెఫ్తా తనకు ఈత నేర్పిన ఏరు గుర్తొచ్చింది. తన భార్యను సాగనంపిన రోజు పెట్టెకు ముందు భుజం పట్టింది యెఫ్తానే. ఇవాళ తను గెడకు కాపలా కాస్తున్నాడు. ఇది తప్పు అని ఆయనకు తెలిసింది, కానీ రూలు పెట్టింది కూడా తనే.

మధ్యాహ్నానికి పాట ఆగింది. కాసేపటికి ఎస్తేర్ పొలం గట్టు మీదుగా పరుగున వచ్చింది.

"యెఫ్తా బాబాయ్ చనిపోయాడు," అంది.

ఒబెద్ టోపీ తీశాడు. "ఎప్పుడు?"

"ఇప్పుడే. మొదటి దున్న పడింది."

"ఇబ్బంది పడకుండా పోయాడా?"

"పడలేదు. ఒక్క వేటుకే."

ఒబెద్ గట్టు మీద కూర్చుండిపోయాడు. ఏడాదిన్నరగా ఎరిగిన సంగతే అయినా, అప్పుడే విన్నవాడిలాగా దుఃఖం వచ్చింది. మా దగ్గర అది అలాగే వస్తుంది.

"లేవండి," అంది ఎస్తేర్. "సంపే తాత మిమ్మల్ని రమ్మంటున్నాడు. లెక్కలో ఒక ఖాళీ వచ్చిందంట."

ఆయన చేతులు కడుక్కుని, తన నుదుటికి తనే తుపాకీ పెట్టుకుని చూసుకుని, వెళ్ళాడు. పెట్టె మోయడానికి ఒక భుజం దొరికింది. సాయంత్రం యెఫ్తాను కొండరాయిలో తొలిచిన సమాధి గూట్లో పెట్టి వచ్చాక, దామారిస్ ముందు ఆకు వేసి అన్నం పెట్టారు. వేడివేడి అన్నం, పక్కన వెదురుబొంగులో వండిన పందిమాంసం. ఆమె మాంసం జోలికి పోలేదు. వట్టి అన్నమే ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఎవరి వైపూ చూడకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఆకు ఖాళీ చేసింది. దూరంగా గాదె స్తంభం పక్కన నిలబడి చూస్తున్న ఒబెద్‌కు తన జీవితంలో ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదనిపించింది.

అప్పుడే వెళ్ళి మాట్లాడి ఉండాల్సింది. కానీ ఎస్తేర్ రెండు వారాలు చూడాలంది. వచ్చినవాళ్ళలో ఎవరికైనా దగ్గో జ్వరమో వస్తుందేమో తేలాలి. రెండు వారాలూ ఊరంతా ఒకరి గొంతు ఒకరు వింటూ గడిపింది. సంపే తాత ఒకసారి దగ్గాడు. ఊరు గడగడలాడింది. కల్లు పొరబోయిందని తేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. గెడలు రెండూ తీసేశారు. రింతో పపువాకూ, మేనత్తలు కాలిమంతన్‌కూ వెళ్ళిపోయారు. ఒబెద్ ఎందుకైనా మంచిదని ఇంకో వారం ఆగాడు. జనం కూడా దుఃఖం మర్చిపోతారు, మాట పడకుండా ఉంటుంది అనుకున్నాడు. ఆ వారం కూడా అయ్యాక ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆఫీసు మూసి దామారిస్ ఇంటికి బయల్దేరబోతుంటే, ఆమే వచ్చింది. నల్లచీర లేదు. పసుపు జాకెట్టు, చేతిలో సంచి.

"ఊరు దాటి బస్సెక్కాలంటే ప్రెసిడెంటు సంతకం కావాలని మీరే కదా రూలు పెట్టారు," అంది. "ఇవ్వండి."

"ఎక్కడికి రింతో అమ్మా?"

"మకస్సర్. మా చెల్లెలి దగ్గరికి. సముద్రం ఒడ్డునే దాని ఇల్లు."

"ఎన్నాళ్ళకి?"

"అది కూడా రాయాలా?"

"రాయాలి."

"తెలీదని రాయండి."

కలం చేతిలో ఉండిపోయింది. "నేను ఇవాళ మీ ఇంటికి వద్దామనుకున్నాను," అన్నాడు.

"తెలుసు. చొక్కా చూస్తే తెలీట్లా?"

"ఇన్నాళ్ళూ యెఫ్తా జబ్బుగా ఉన్నాడు. అడగడం మర్యాద కాదని ఆగాను."

"అడక్కూడదు. నిజమే. ఆయన పక్క గదిలో ఉండగా నువ్వు ఆ మాటెత్తి ఉంటే చెప్పు తీసుకునేదాన్ని." ఆఫీసులో ఇద్దరే ఉన్నారు. ఆమె మీరు వదిలేసి, బళ్ళో చదువుకున్నప్పుడు పిలిచినట్టే పిలిచింది. "కానీ ఒబెద్, గెడ తీయడానికేం? అది మర్యాదకి అడ్డం కాదుగా. యాభై మందితో చేయొచ్చని ఎస్తేర్ ఏడాది క్రితమే చెప్పింది. నువ్వు అప్పుడే ఊఁ అనుంటే, నేను ఏడాది ముందే అన్నం తినేదాన్ని."

"కొండవతల ఇద్దరు పోయారు దామారిస్."

"పోయారు. ఆ భయం నాకూ ఉంది. నీది ఆ భయం ఒక్కటే అయితే నేను ఒక్క మాట కూడా అనను. ఇంకో ఏడాది దుంపలు తినేదాన్ని. కానీ నీ భయం కరోనాకి కాదు. కాఫీ ఆరబోసే ఆడాళ్ళకి. వాళ్ళేమంటారోనని నా మొగుణ్ణి ఏడాది ఎక్కువ పడుకోబెట్టావు."

ఆమె చెప్పిందంతా నిజం.

"నువ్వంటే నాకు కోపం లేదు," అంది ఆమె. గొంతు కొంచెం మెత్తబడింది. "ఇష్టమే. ఆ రోజు పెట్టె మోసి వచ్చాక గాదె పక్కన నిలబడ్డావు చూడు, అప్పుడు వస్తావేమో అనుకున్నా. అన్నం మెల్లగా తిన్నా కూడా. నువ్వు రాలేదు. సరే, రేపొస్తాడులే అనుకున్నా. మూడు వారాలు. యెఫ్తా పక్షవాతంతో మంచాన పడితే ఐదేళ్ళు చూశాను, తర్వాత ఈ ఏడాదిన్నర. నీకు పెళ్ళామై, నలుగురూ ఏమంటారో అని నువ్వు వారం వారం ఆలోచిస్తుంటే చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. సామాను కూడా సర్దేశాను. సంతకం పెట్టు."

రోడ్డు తెరిస్తే ఎవరెవరు లోపలికి వస్తారో ఏడాదిన్నర లెక్కలేశాడు ఒబెద్. ఎవరు బయటికి వెళతారో ఒక్క సోమవారం కూడా ఆలోచించలేదు. ఆపాలంటే ఆపగలడు. రూలు తన చేతిలోనే ఉంది. పోయిన వారం నాలుగు కేసులు, అంతకు ముందు వారం రెండు.

సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు.

"టెస్టు చేయించుకున్నావా?" అన్నాడు.

"చేయించుకున్నా."

"మాస్కు?"

"సంచిలో ఉంది." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "జాగ్రత్త ఒబెద్," అంది. ఎగతాళిగా అనలేదు.

బస్సు వచ్చే వేళకు రోడ్డు పొడుగునా కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. సంపే తాత అరుగు మీద ఉన్నాడు. ఎస్తేర్ సూదుల పెట్టె పట్టుకుని ఎక్కడికో వెళుతోంది. దామారిస్ కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వంపు తిరిగింది. ఒబెద్ రోడ్డు మధ్య నిలబడి మాస్కు లాగేసి, పసిపిల్లవాడిలా గొంతెత్తి ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు.